మోటబావి నుంచి పగడపు దిబ్బ దాకా

ప్రశ్న: నమస్కారమండీ. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. నిరుడు జంతుశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పూర్తి చేసి, ప్రస్తుతం ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. ఆగ్నేయాసియాలోని ఒక ద్వీపంలో ఎనిమిది వారాల పాటు పగడపు దిబ్బల పరిరక్షణలో స్వచ్ఛందంగా పనిచేయవచ్చునని, డైవింగ్ రానివారికి అక్కడే నేర్పుతారని ఒక ప్రకటన చూశాను. విమానం ఖర్చు కాకుండా వారు అడుగుతున్న రుసుమే రెండు లక్షల రూపాయలు దాటుతోంది. నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారే, అదీ సూర్యలంక ఒడ్డున నిలబడి. ఈత మాత్రం అమ్మమ్మ ఊరి మోటబావిలో మా మేనమామ నేర్పాడు. నేను కళ్లద్దాలు వాడతాను. మా నాయన, "తాగే నీళ్ల కోసం తండ్లాడిన ఊరి పిల్లవు, నీకు సముద్రం సంగతి ఎందుకు బిడ్డా" అంటున్నాడు. నాకు డైవింగ్ వస్తుందా? అంత డబ్బు పెట్టి వెళ్లవచ్చునా? అసలు నాలాంటివారు వెళ్లడం వల్ల ఆ పగడాలకు ఒరిగేది ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. అది తేలితే తప్ప మిగిలిన రెండింటికీ అర్థం ఉండదు. నాది పాలమూరు జిల్లా. ముప్పై ఎనిమిదో ఏట అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ నేర్చుకొని, ఆ తరువాత రెండు సీజన్లు ఒక సర్వే బృందంతో కలిసి పగడాల లెక్కింపులో పనిచేశాను. కాబట్టి ఇక్కడ రాస్తున్నదానిలో చాలా భాగం నీళ్లలో నేర్చుకున్నదే.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. సున్నపు గూడు కట్టుకొని గుంపులుగా బతికే చిన్న జంతువు. మీకు తెలిసిన విషయమే అయినా మిగిలిన పాఠకుల కోసం చెబుతున్నాను. దాని ఒంట్లో కాపురం ఉండే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆనని నాచు జాతి జీవులు, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగం దానికి పెడతాయి. ఆ ప్రాంతపు సముద్రం మామూలుగా వేసవిలో చేరే గరిష్ఠ వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి నాలుగు వారాలు నిలిచినా, పగడం ఆ శైవలాలను బయటికి నెట్టివేసి తెల్లబడిపోతుంది. ఆ వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 1998లో, 2010లో, 2016లో మన లక్షద్వీప్, అండమాన్ పగడాలు ఇలాగే తెల్లబడ్డాయి. ప్రపంచమంతటా ఇటువంటి విపత్తు నాలుగోసారి నడుస్తున్నదని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా ఆక్రమించని ఈ దిబ్బలను ఆశ్రయించి సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు బతుకుతున్నాయి. అందుకే మీ ఆరాటం సరైనదని ముందుగా చెబుతున్నాను.

అయితే ఎనిమిది వారాలు వెళ్లిన మనిషి సముద్రాన్ని చల్లబరచలేదు. పగడపు ముక్కలను కట్టి నాటడం ఫోటోలలో ఎంత అందంగా కనిపించినా, వేడి తగ్గని చోట ఆ నాటినవి కూడా తెల్లబడి పోతాయి. ఒక మామూలు స్వచ్ఛంద కార్యకర్త నిజంగా చేయగలిగిన పని ఒకటుంది. అది లెక్కపెట్టడం. ప్రపంచంలో చాలా చోట్ల అనుసరించే రీఫ్ చెక్ అనే పద్ధతిని 1996 నుంచి సామాన్య డైవర్ల కోసమే నడుపుతున్నారు. దిబ్బ వెంట ఒకే లోతులో వంద మీటర్ల టేపును పరుస్తారు. దాని మీద ఇరవై మీటర్ల చొప్పున నాలుగు భాగాలను, మధ్యలో అయిదేసి మీటర్లు వదిలి, చదువుతారు. ఒకరు టేపు వెంట మెల్లగా ఈదుతూ, ప్రతి అర మీటరు దగ్గర టేపు కింద ఉన్నది బతికిన పగడమా, ఈమధ్యే చచ్చిన పగడమా, రాయా, ఇసుకా, నాచా అని ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాస్తారు. ఒక్కో భాగానికి 40 చొప్పున మొత్తం 160 గుర్తులు వస్తాయి. మరొకరు టేపుకు రెండు పక్కలా రెండున్నరేసి మీటర్ల మేర కనిపించే ఎంపిక చేసిన చేపలను లెక్కిస్తారు. వచ్చే సంవత్సరం అదే చోట, అదే లోతులో, మళ్లీ టేపు పరుస్తారు. ఒక్క ఏడాది లెక్కకు పెద్ద విలువ లేదు. పదేళ్ల లెక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడే, వేడికి పోయిందెంత, మత్స్యవేటకు పోయిందెంత, తిరిగి పుట్టిందెంత అన్నది కనిపిస్తుంది.

మీ నాయన మాటను కొట్టిపారేయకండి, ఆయన అన్నదానిలోనే ఈ పని విలువ దాగి ఉంది. మీ జిల్లాలో ఫ్లోరైడ్ బాధను నడుములు వంగిన మనుషులు ఎన్ని ఏళ్లు మొత్తుకున్నా, ఊరూరా బోరు నీళ్లు సీసాలలో పట్టి, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో కొలిచి, ఒకటిన్నర దాటిన బావులేవో కాగితం మీద పెట్టిన తరువాతే ఆ మాటకు బలం వచ్చింది. పగడాల లెక్క కూడా అటువంటిదే. నీళ్లలో ఏముందో కొలిస్తే తప్ప నమ్మరని తెలిసిన ఊరి పిల్లగా, ఆ పలక పట్టుకోవడానికి మీకు ఎవరికీ తీసిపోని అర్హత ఉంది.

ఇప్పుడు ఆ ప్రకటన సంగతి చూద్దాం. రెండు లక్షలు కట్టే ముందు వారిని కొన్ని విషయాలు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఒకే చోట ఎన్ని సంవత్సరాలుగా లెక్క తీస్తున్నారు, ఆ లెక్కలు చివరికి ఎవరి చేతికి వెళుతున్నాయి, వాటి వల్ల ఏ వేట నిబంధన మారింది, ఎక్కడ పడవలు లంగరు వేయడం ఆగింది అని అడగండి. చేపలను, పగడాలను గుర్తుపట్టే పరీక్ష పెడతారా, అందులో నెగ్గనివారి లెక్కను పక్కన పెడతారా అని కూడా అడగండి. ఇది చాలా ముఖ్యం. నీటిలో మాస్కు అద్దం గుండా చూసినప్పుడు ప్రతి వస్తువూ ఉన్నదానికంటే మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. సాధన లేని కన్ను జానెడు చేపను మూరెడుగా రాస్తుంది. ఆ తప్పుడు లెక్క కంటే అసలు లెక్క లేకపోవడమే నయం.

అన్నింటికంటే పెద్ద ప్రశ్న, ఆ ద్వీపంలోని జాలరులు ఆ పనిలో ఎక్కడున్నారన్నది. వారు వంటవారిగానూ పడవ నడిపేవారిగానూ మాత్రమే ఉండి, నిర్ణయాలన్నీ బయటివారే తీసుకుంటుంటే ఆ పథకం నిలవదని నా గట్టి అభిప్రాయం. ఫిలిప్పీన్స్‌లో అపో అనే చిన్న ద్వీపం ఉంది, దాని విస్తీర్ణం వంద హెక్టార్లు కూడా లేదు. పేలుడు మందుతో, విషంతో సాగిన వేట వల్ల అక్కడి దిబ్బ దెబ్బతిన్నప్పుడు, సిల్లిమాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కలా, ఆయన సహచరులు 1980ల మొదట్లో జాలరులతో ఏళ్ల తరబడి మాట్లాడి, దిబ్బలో కొంత భాగాన్ని వేట లేకుండా వదలమని ఒప్పించారు. కాపలా కాసింది ఆ ఊరివారే. వదిలిన చోట పెరిగిన చేపలు పక్క నీళ్లలోకి రావడంతో వేట కూడా మెరుగుపడింది. అల్కలాకు 1992లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. మన చెరువుల్లో గుడ్లు పెట్టే రుతువులో వల వేయకూడదని కట్టు పెట్టుకున్న గంగపుత్రులకు, ముదిరాజులకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

ఇంకొక మాట. చాలా దేశాలు పర్యాటక వీసా మీద వచ్చినవారు చేసే స్వచ్ఛంద సేవను కూడా ఉద్యోగంగానే లెక్కిస్తాయి. ఏ వీసా మీద పిలుస్తున్నారో స్పష్టంగా చెప్పని సంస్థకు ఒక్క రూపాయి కూడా పంపకండి.

డైవింగ్ వస్తుందా అన్నారు. తప్పకుండా వస్తుంది. ప్యాడి వంటి డైవింగ్ శిక్షణ సంస్థల మొదటి కోర్సుకు కావలసిన ఈత మీకు ఇప్పటికే వచ్చు. ఆగకుండా 200 మీటర్లు ఏ పద్ధతిలోనైనా ఈదాలి, దానికి కాలపరిమితి లేదు. ఆపైన పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా తేలాలి. పది మీటర్ల అడ్డం ఉన్న బావిలో అయితే ఇరవైసార్లు ఇటునుంచి అటు ఈదడంతో సమానం. బెండ్లు విప్పేసిన రోజు నుంచే మన పిల్లలు అంతకంటే ఎక్కువ ఈదుతారు.

కానీ బావి నేర్పిన ఒక అలవాటును మీరు పూర్తిగా మానుకోవాలి. అది ఊపిరి బిగబట్టడం. దీని మీద నేను కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన ప్రాంతం వారికి ఇదే అసలైన కష్టం. బావిలో పడ్డ బిందెను తీయడానికి దిగే గజ ఈతగాడు పైన పీల్చిన గాలిని గుండెల నిండా పట్టుకొని మునుగుతాడు. నీటిలో పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు అవుతుంది, ఇరవై మీటర్లకు మూడింతలు అవుతుంది. పది మీటర్ల లోతున అతని ఊపిరితిత్తుల్లోని గాలి సగానికి నలిగి, పైకి వచ్చేటప్పుడు మళ్లీ మొదటి పరిమాణానికి వస్తుంది. అందువల్ల అతనికి ప్రమాదం లేదు. సిలిండర్‌తో దిగినవారి సంగతి వేరు. పది మీటర్ల దగ్గర వారు పీల్చే గాలి అక్కడి ఒత్తిడికి సరిపడా చిక్కగా వస్తుంది. ఆ గాలిని బిగబట్టి పైకి లేస్తే అది రెండింతలుగా వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. కాబట్టి స్కూబా డైవింగ్‌లో మొట్టమొదటి సూత్రం, ఎప్పుడూ ఊపిరి ఆపకుండా మెల్లగా పీలుస్తూ వదులుతూ ఉండాలన్నదే. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో లేని క్షణాల్లో కూడా సన్నగా బుడగలు వదులుతూ ఉండమంటారు. బావి ఈత బాగా వచ్చినవారికి ఇది ఒంటబట్టడానికి, ఈత కొత్తగా నేర్చుకున్నవారి కంటే ఎక్కువ సమయం పడుతుంది. నాకు మూడు రోజులు పట్టింది.

ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. అది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడి పెట్టి నింపినది. శుద్ధమైన ఆక్సిజన్ ఆరేడు మీటర్ల లోతు దాటితే మనిషికి విషమవుతుంది. మామూలు గాలిలోని నత్రజని కూడా లోతున రక్తంలోకి, కండరాల్లోకి చేరుతుంది. త్వరగా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్లు అది బుడగలు కడుతుంది. అందుకే మెల్లగా పైకి రావడం, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం, వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసిన తరువాత కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కకపోవడం అన్న నియమాలు పెట్టారు. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకొని టికెట్టు కొనండి.

చెవుల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని దాన్ని కూడా రాస్తున్నాను. దిగుతున్నప్పుడు ప్రతి మీటరుకూ ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లోని ఒత్తిడిని సరిచేసుకోవాలి. రెండో రోజు నా ఎడమ చెవి తెరుచుకోలేదు. మిగతావారందరూ దిగిపోతున్నారని, వారిని ఆపడం బాగుండదని, సైగ చేయకుండా నొప్పిని ఓర్చుకొని దిగాను. కర్ణభేరి లోపల రక్తం చేరింది. మూడు వారాలు నీళ్లలోకి దిగవద్దని డాక్టరు చెప్పారు. నొప్పి మొదలవగానే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి, కుదరకపోతే ఆ రోజుకు మానుకోవాలి. ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి వెళదాం" అని అర్థం. ఆ సైగ చేయడానికి ఎన్నడూ సంకోచించకండి.

కళ్లద్దాలు అడ్డంకి కాదు, మీ కంటి పవరుతో మాస్కు అద్దాలు దొరుకుతాయి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు పెట్టుకొని కూడా దిగవచ్చు. నెలసరి రోజుల్లో దిగడానికి వైద్యపరమైన అభ్యంతరం లేదు, గర్భిణులు మాత్రం దిగకూడదు. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, ఎప్పుడైనా ఊపిరితిత్తి కుంగిన చరిత్ర ఉంటే దాచకుండా ఆరోగ్య పత్రంలో రాసి, డాక్టరు సంతకం తీసుకోవాలి. కోర్సుకు డబ్బు కట్టాను కదా అని దాచినవారి ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

కోర్సు మూడు నాలుగు రోజుల్లో ముగిసి, 18 మీటర్ల దాకా దిగడానికి కార్డు చేతికి వస్తుంది. కానీ కార్డు వచ్చినంత మాత్రాన పగడాల మీద పనిచేయడానికి సిద్ధమైనట్లు కాదు. నీటిలో పైకి తేలకుండా, కిందికి మునగకుండా, ఊపిరితోనే ఒంటిని గాలిలో గాలిపటంలా నిలపడం రావాలి. పీలిస్తే కొంచెం లేస్తాం, వదిలితే కొంచెం దిగుతాం. అది రానివారు పలక మీద రాయబోతూ కాళ్లు ఆడిస్తారు, ఈదడానికి కాలికి తొడిగిన ఫిన్ తగిలి కొమ్మ విరుగుతుంది. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరగవచ్చు, బండలా గుండ్రంగా ఉండే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఒక్క తన్నుతో పోయినది మీ పెద్దల కాలం నాటిది కావచ్చు. డైవింగ్ రానివారిని ఒక వారం నేర్పి, రెండో వారం నుంచే సర్వేలో దింపుతామనే ప్రకటనలను చూస్తే నాకు బాధ కలిగేది ఇందుకే. కార్డు వచ్చాక కనీసం ఇరవై డైవ్‌లు, ఇసుక నేల ఉన్న చోట, ఏ పగడానికీ హాని కలగకుండా చేసిన తరువాతే ఆ పలక అందుకోవాలని నేను అనుకుంటాను.

కాబట్టి నా సలహా ఇది. ఆ రెండు లక్షలు ఇప్పుడు పంపకండి. హైదరాబాదు నుంచి శ్రీ విజయపురానికి, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌కు, నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి పడవలో స్వరాజ్ ద్వీప్ చేరవచ్చు. దారి పొడుగునా తెలుగు వినిపిస్తుంది, శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడ్డవారు అక్కడ చాలామంది ఉన్నారు. మొదటి కోర్సుకు 25,000 రూపాయలకు పైమాటే అవుతుంది, ప్రయాణం, బస దానికి అదనం. మీ కళాశాల సెలవుల్లో అది పూర్తి చేయండి. నీళ్లు మీకు నచ్చాయో లేదో, మీరు నీళ్లకు సరిపోతారో లేదో అక్కడే తెలుస్తుంది. ఆ తరువాత మన దేశంలోనే పనిచేసేవారిని వెతకండి. లక్షద్వీప్ దిబ్బలను మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు రెండు దశాబ్దాలకు పైగా గమనిస్తున్నారు. 21 దీవులున్న మన్నార్ సింధుశాఖ పగడాల మీద తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ పనిచేస్తోంది. అండమాన్‌లో వండూరు దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు 1983 నుంచి ఉంది. ఇటువంటి చోట్ల ఎం.ఎస్‌సి. చదివినవారికి, డబ్బు కట్టే అతిథి హోదా కాకుండా, ప్రాజెక్టు సహాయకురాలి స్థానం దొరికే అవకాశం ఉంటుంది. అది ఎంతో మెరుగైన దారి. పగడాలు 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు కింద పులితో సమానమైన రక్షణ పొందాయి. ఒడ్డుకు కొట్టుకువచ్చిన చచ్చిన ముక్కను జ్ఞాపకంగా సంచిలో వేసుకున్నా నేరమే.

అప్పటిదాకా ఊరికే కూర్చోవలసిన పని లేదు. చెన్నై ఒడ్డున విద్యార్థులు 1988 నుంచి, ఏటా జనవరి మొదలుకొని, రాత్రిపూట నడుస్తూ ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కాపాడుతున్నారు. దానికి డైవింగ్ అక్కరలేదు, రుసుమూ లేదు. ఒక్క రాత్రి నడిచి చూడండి. వీలైతే మీ నాయనను కూడా తీసుకువెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. సెలవుల్లో అండమాన్ వెళ్లి డైవింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఆ వయసులో పంపవచ్చునా?
– ఒక తండ్రి, నాగర్‌కర్నూల్

జవాబు: పంపవచ్చునండీ. పదేళ్లు నిండినవారికి జూనియర్ కార్డు ఇస్తారు. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలు కార్డు ఉన్న పెద్దవారి తోడుతో 18 మీటర్ల వరకు దిగవచ్చు, పదిహేను నిండాక అది మామూలు కార్డుగా మారుతుంది. మీ సంతకం లేకుండా కోర్సులో చేర్చుకుంటామనే కేంద్రానికి పంపకండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది పిల్లలున్నారో, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందో లేదో మీరే కళ్లారా చూడండి. అబ్బాయికి జలుబు ఉన్న రోజున మాత్రం ఎంత ఏడ్చినా నీళ్లలోకి దింపవద్దు.

ప్రశ్న: అంత దూరం వెళ్లకుండా జూరాలలోనో నాగార్జునసాగర్‌లోనో డైవింగ్ నేర్చుకోలేమా?
– ఒక ఉపాధ్యాయుడు, గద్వాల

జవాబు: వద్దండీ. జలాశయంలో నీరు మట్టితో మసకగా ఉండి, చాచిన చేయి కనపడని రోజులే ఎక్కువ. అడుగున మునిగిపోయిన చెట్లు, తెగిన వలలు ఉంటాయి, గేట్ల వైపు లాగే ప్రవాహం ఉంటుంది, కృష్ణలో మొసళ్లున్న సంగతి మీకు నేను చెప్పవలసింది కాదు. మీరు అడిగినదానికి మరొక దారి ఉంది. పుస్తక పాఠాలు, ఈత కొలనులో చేసే అభ్యాసాలు హైదరాబాదులో పూర్తి చేసి, మిగిలిన నాలుగు డైవ్‌లు మాత్రమే సముద్రంలో చేయవచ్చు. దానితో ద్వీపంలో ఉండవలసిన రోజులు, ఖర్చు తగ్గుతాయి. కొలను భాగం ముగిసినట్లు ఇచ్చే పత్రం 12 నెలలే చెల్లుతుంది. అండమాన్ సముద్రం నెమ్మదిగా ఉండేది సుమారుగా డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు కాబట్టి, దసరా సెలవుల్లో కొలను పాఠాలు ముగించి సంక్రాంతి సెలవులకు బయలుదేరేలా చూసుకోండి.